ఈవీ బాడీకి ఫైబర్ పని: పగులు అతకడం నుంచి కొత్త ప్యానెల్ తీయడం దాకా

బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడలోని మా షెడ్డుకు ఒకసారి ఒక ఎలక్ట్రిక్ సరుకుల ఆటో వచ్చింది. బండి బరువు తగ్గుతుందన్న ఆశతో దాని యజమాని ఇనుప రేకు పైకప్పును తీయించి, వేరేచోట ఫైబర్ పైకప్పు వేయించుకున్నారు. మేము విప్పి తూచితే అది 8 కిలోలు తూగింది. ఆ పైకప్పు వైశాల్యం 1.2 చదరపు మీటర్లు. అదే కొలతకు 0.8 మిల్లీమీటర్ల ఇనుప రేకు 7.5 కిలోలే ఉంటుంది. "ఫైబర్ తేలిక అన్నారు కదండీ" అని ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు లెక్కలోనే ఉంది. చదరపు మీటరుకు 450 గ్రాముల మ్యాట్ (గాజునార పోగులను చాపలా పరిచి అతికినది) మూడు పొరలు వేస్తే గాజునార బరువు దాదాపు 1.6 కిలోలు. దానికి రెండుంపావు రెట్లు, అంటే సుమారు 3.6 కిలోల రెసిన్ (నారను పట్టి గట్టిపడే జిగురు ద్రవం) చాలు. పైకి కనిపించే నునుపు పూత అయిన జెల్‌కోటుకు మరో 0.7 కిలో. అన్నీ కలిపితే 6 కిలోల లోపే ఉండాలి. ఆ పైకప్పులో మిగిలిన 2 కిలోలూ అనవసరంగా పోసిన రెసినే. బలమిచ్చేది గాజునార, దాన్ని చోటు కదలకుండా పట్టి ఉంచడమే రెసిన్ పని. ఈ తేడా చేతికి అలవాటైన పనివాడికి తూకం మిషను బ్రష్షు కన్నా ముఖ్యమైన పనిముట్టు అవుతుంది.

హిందూపురం, మదనపల్లె, చిత్తూరు వైపుల నుంచి వచ్చి బెంగళూరు, చెన్నై షెడ్లలో ఈ పని నేర్చుకుంటున్న కుర్రవాళ్ల కోసం, సొంతంగా చిన్న వర్క్‌షాపు పెట్టదలచినవారి కోసం ఈ పద్ధతిని రాస్తున్నాను. గాజునారతో, పాలియెస్టర్ లేదా ఎపాక్సీ రెసిన్‌తో, చేత్తో పొరలు వేసే పనికే ఇది పరిమితం.

ఏది ముట్టుకోవచ్చు, ఏది ముట్టుకోరాదు

ముందు కౌలు (బండి ముందు ముఖంగా ఉండే పలక), మడ్‌గార్డు, పైకప్పు, తలుపు పైచర్మం, సరుకుల పెట్టె, లోపలి ట్రిమ్ వంటివి బండి బరువును మోయవు. వాటిని షెడ్డులో అతకవచ్చు. బ్యాటరీ పెట్టె, దాని మూత, ఛాసిస్‌కు అతికిన భాగాలు, గుద్దుకున్నప్పుడు దెబ్బను తినడానికి పెట్టిన భాగాలు మన పని కాదు. బ్యాటరీ మూత చూడటానికి మామూలు ఫైబర్ పలకలాగే కనిపించవచ్చు. కానీ నీరు చొరబడకుండా ఉండటం, లోపల మంట పుడితే కొంతసేపు ఆపడం, పీడనం పెరిగితే వాయువును నిర్ణీత దారిలో వదలడం అన్నీ దాని బాధ్యతలే. మనం వేసే అతుకు ఈ మూడింటిలో ఒక్కదానికీ హామీ ఇవ్వలేదు. దాన్ని తయారీదారు దగ్గరే మార్పించాలి. బీఎండబ్ల్యూ ఐ3 లాంటి కార్లలో ప్రయాణికులు కూర్చునే గది మొత్తం కార్బన్ నారతో కట్టినదే కాబట్టి, అక్కడ పగులు వస్తే అది బాడీ పగులు కాదు, ఎముక విరిగినట్టు లెక్క.

చట్టం మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మోటారు వాహనాల చట్టం, 1988 లోని 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పుస్తకంలోని వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. ఉన్న ఆకారానికి అతుకు వేయడం మరమ్మతు. ఆటో వెనుక కొత్తగా గది కట్టడం, పొడవు పెంచడం మార్పు కిందికి వస్తాయి. అలాంటి పని అడిగినవారిని ముందు ఆర్టీఓ దగ్గరికి పంపండి.

కరెంటు తీయకుండా గ్రైండర్ పట్టవద్దు

నారింజ రంగు తొడుగు ఉన్న తీగలు హైవోల్టేజ్ తీగలని గుర్తు. కార్లలో ఇది మామూలుగా 300 నుంచి 400 వోల్టుల దాకా, కొన్నింటిలో 800 దాకా ఉంటుంది. 60 వోల్టులు దాటిన డీసీని ప్రమాదకరంగానే లెక్కిస్తారు. తాళం తీసి బండికి దూరంగా పెట్టడం, 12 వోల్టుల బ్యాటరీ నెగెటివ్ విప్పడం, హైవోల్టేజ్ బ్యాటరీని విడదీసే సర్వీస్ ప్లగ్ తీయడం, ఆ తర్వాత మోటారును నడిపించే కంట్రోలరులోని కెపాసిటర్లు ఖాళీ అయ్యేందుకు మాన్యువల్‌లో చెప్పినంతసేపు ఆగడం, చివరగా మీటరుతో సున్నా చూడటం ఇదే వరుసలో జరగాలి. సర్వీస్ ప్లగ్ తీయడం, మీటరుతో కొలవడం శిక్షణ పొందినవారే, 1000 వోల్టుల రేటింగ్ ఉన్న రబ్బరు గ్లౌజులు తొడుక్కుని చేయాలి. 48 వోల్టుల ఆటోలో షాకు భయం తక్కువే, కానీ స్పానరు జారి రెండు టెర్మినళ్లనూ తాకితే ఆ లోహం క్షణంలో ఎర్రబడి కరుగుతుంది.

కనెక్టర్లు, ఛార్జింగ్ పోర్టు, కంట్రోలరు గాలి రంధ్రాలు అన్నింటినీ పాలిథిన్‌తో చుట్టి టేపు వేయండి. గాజు పొడి దురద పెడుతుందే తప్ప కరెంటును మోయదు. కార్బన్ పొడి మోస్తుంది. సర్క్యూట్ బోర్డు మీద అది పడితే షార్టు అవుతుంది. కాబట్టి కార్బన్ భాగాన్ని బండి మీద ఉంచి రుద్దరాదు, విప్పి వేరే గదిలో రుద్దాలి. పెయింటు ఓవెన్ విషయంలోనూ ఇదే జాగ్రత్త: 60 డిగ్రీలకు పైగా వేడి చేసే ఓవెన్‌లోకి లిథియం బ్యాటరీ ఉన్న బండిని తోయవద్దు. విడి ప్యానెల్‌ను మాత్రమే పెట్టండి, లేదా గాలికి ఆరే పెయింటు వాడండి.

అది నిజంగా ఫైబరేనా

మన మెకానిక్కులు ఇనుము కానిదాన్నంతా ఫైబర్ అంటారు. బెంగళూరులోనే పుట్టిన బండ్లు ఆ మాట ఎంత తప్పో చూపిస్తాయి. సిపానీ వారి డాల్ఫిన్ కారుకు, దానికి ముందొచ్చిన బాదల్ అనే మూడు చక్రాల బండికి నిజంగానే ఫైబర్‌గ్లాస్ బాడీ ఉండేది. 2001లో వచ్చిన రేవా ఎలక్ట్రిక్ కారుకు ఉన్నది ఉక్కు ఫ్రేము మీద ఏబీఎస్ ప్లాస్టిక్ పలకలు. డాల్ఫిన్‌కు చేసిన అతుకును రేవాకు వేస్తే వారంలో ఊడి చేతికి వస్తుంది.

గుర్తుపట్టడానికి మొదట పలక వెనక్కి తిప్పి చూడండి. పీపీ, ఏబీఎస్ (ఇవి ప్లాస్టిక్), యూపీ-జీఎఫ్ (ఇది గాజునార కలిసిన పాలియెస్టర్) వంటి అచ్చు అక్షరాలు సాధారణంగా అక్కడే ఉంటాయి. అక్షరాలు లేకపోతే కనబడని అంచున గ్రైండర్ ఒక్క క్షణం తాకించండి. తెల్లటి పొడి రాలి, నార పోగులు బయటపడితే అది గాజునార ఫైబర్. కరిగి, ఉండ చుట్టుకుని, అంచుకు అంటుకుంటే అది ప్లాస్టిక్. ప్లాస్టిక్‌కు వెల్డింగు గానీ, దానికోసమే చేసిన రెండు పాళ్ల జిగురు గానీ వాడాలి. రెండు వైపులా నునుపుగా, మందం అంతటా ఒకేలా ఉన్న ఫైబర్ పలక ఎస్ఎంసీ (షీట్ మోల్డింగ్ కాంపౌండ్) అయ్యే అవకాశం ఎక్కువ. అది ప్రెస్సులో వేడితో ఒత్తినది; అచ్చు నుంచి విడిపించే మందు దాని ఒంట్లోనే కలిసి ఉంటుంది కాబట్టి పాలియెస్టర్ రెసిన్ దానికి సరిగా పట్టదు. అక్కడ ఎపాక్సీయే వాడండి.

రసాయనాలు: ప్రాణం మీదికి తెచ్చే ఒక్క తప్పు

పాలియెస్టర్ రెసిన్‌కు రెండు మందులు కావాలి: దాన్ని గట్టిపరిచే ఎంఈకేపీ, ఆ పనిని వేగంగా జరిగేలా చేసే కోబాల్ట్ యాక్సిలరేటర్. దుకాణంలో వీటిని రంగును బట్టి, సీసాను బట్టి "హార్డెనర్" అని కలగాపులగంగా పిలుస్తారు. ఈ రెండింటినీ నేరుగా ఒకదానిలో ఒకటి ఎన్నడూ పోయరాదు, పోస్తే పేలుతుంది. ముందు కోబాల్ట్‌ను రెసిన్‌లో పూర్తిగా కలియబెట్టి, ఎంఈకేపీని చివరన వేయాలి. కోబాల్ట్ ముందే కలిపిన రెసిన్ కూడా అమ్ముతారు. కొనేటప్పుడే అడిగి డబ్బా మీద రాసుకోండి. రెండు మందులనూ ఒకే అరలో పెట్టవద్దు. ఎంఈకేపీ కంట్లో పడితే చూపు పోవచ్చు, అందుకని కళ్లద్దాలు లేకుండా దాని మూత కూడా తీయకూడదు. పడితే వెంటనే కనీసం 15 నిమిషాలు నీటితో కడుగుతూ ఆసుపత్రికి వెళ్లాలి. పాలియెస్టర్ రెసిన్‌లో కలిసి ఉండే స్టైరీన్ అనే ద్రవం ఆవిరి 32 డిగ్రీల దగ్గరే అంటుకోగలదు, కాబట్టి వెల్డింగు చేసే షెడ్డులో సగభాగం తెర కట్టి లామినేషను (పొరలు వేసే పని) చేయడం కుదరదు.

మోతాదు తూకంతోనే. 500 గ్రాముల రెసిన్‌కు ఒకటిన్నర శాతం అంటే 7.5 గ్రాముల ఎంఈకేపీ. బెంగళూరులో డిసెంబరు ఉదయం 15 డిగ్రీల చలిలో 2 శాతం దాకా వెళ్లవచ్చు. చెన్నై మే నెల మధ్యాహ్నం 1 శాతమే చాలు. అయినా 1 శాతం కన్నా తగ్గించవద్దు, తగ్గిస్తే పైకి గట్టిపడినట్టు కనిపించి లోపల మెత్తగా మిగులుతుంది. పని మొదలుపెట్టే ముందు ఒక చిన్న కప్పులో 50 గ్రాములు కలిపి, ఎన్ని నిమిషాలకు జెల్ అవుతుందో (ముద్దలా గడ్డకడుతుందో) గడియారం పెట్టి చూడండి. ఎపాక్సీ సంగతి పూర్తిగా వేరు: దాని హార్డెనర్ పాళ్లను వాతావరణాన్ని బట్టి మార్చరాదు. తొందర కావాలంటే వేగంగా ఆరే హార్డెనర్‌ను కొనాలి తప్ప ఉన్నదాన్ని ఎక్కువ పోయకూడదు.

కలిపి మిగిలిన రెసిన్‌ను మగ్గులో వదిలేయకండి. లోతుగా ఉన్నకొద్దీ తన వేడికి తానే పొగలు కక్కుతుంది. పాత రేకు మీద పలచగా పరిచి గట్టిపడనిచ్చి పారేయండి.

పగులు అతకడం

ఉదాహరణకు ఆటో ముందు కౌలులో హెడ్‌లైట్ కింద ఒక అడుగు పొడవున పగులు ఉందనుకుందాం. కనిపించే పగులు ఎప్పుడూ అసలు దెబ్బ కన్నా చిన్నదే. 5 రూపాయల నాణెంతో చుట్టూ టకటకా కొట్టుకుంటూ వెళ్లండి. బాగున్నచోట గట్టిగా, మోగినట్టు వినిపిస్తుంది, పొర విడిపోయినచోట పగిలిన కుండలా మొద్దుగా పలుకుతుంది. వెనుక పెయింటు లేకపోతే చీకట్లో టార్చి వెలుగు చూపండి, విడిపోయిన పొర తెల్లటి మచ్చలా కనిపిస్తుంది. ఆ హద్దును మార్కరుతో గీసుకోండి. పగులు రెండు కొసల్లోనూ 3 మిల్లీమీటర్ల రంధ్రం వేస్తే అది ఇక ముందుకు పాకదు.

ఇప్పుడు అసలు పని, అంటే గ్రైండింగు. నా అంచనాలో మరమ్మతుకు పట్టే సమయంలో సగం దీనికే పోవాలి. వెనుక వైపు నుంచి 36 లేదా 60 నంబరు డిస్కుతో, పగులు దగ్గర దాదాపు పూర్తి మందం పోయేలా, బయటికి వెళ్లేకొద్దీ వాలుగా తగ్గేలా రుద్దాలి. వాలు నిష్పత్తి 1కి 12 ఉండాలి: 3 మిల్లీమీటర్ల పలకకు పగులు ఇరువైపులా 36 మిల్లీమీటర్ల చొప్పున. ఇంత వెడల్పు ఎందుకంటే, కొత్త పొర పాత పొరను పక్కపక్కన తాకితే భారమంతా ఒక గీత మీద పడుతుంది. వాలు మీద పరిస్తే ఆ భారం వెడల్పంతా పంచుకుంటుంది. సరిగా రుద్దినప్పుడు పాత పొరలు మ్యాపులోని గీతల్లా ఒకదాని వెనుక ఒకటి వలయాలుగా బయటపడతాయి. ఆ వలయాలు సమాన దూరంలో లేకపోతే వాలు హెచ్చుతగ్గులుగా ఉందని అర్థం. నిండు చేతుల చొక్కా, ఎన్95 మాస్కు తప్పవు. దురదకు మా షెడ్డులో వాడే చిట్కా చన్నీళ్ల స్నానం. వేడినీళ్లు పోసుకుంటే చర్మరంధ్రాలు తెరుచుకుని దురద ఇంకా ఎక్కువవుతుందని మా పెద్దమేస్త్రీ చెప్పేవారు.

పొడిని వాక్యూమ్‌తో లాగి, ఎసిటోన్ తడిపిన గుడ్డతో తుడిచి, అది ఆరకముందే రెండో పొడిగుడ్డతో తుడవండి. ఒకే గుడ్డతో తుడిస్తే మురికి చోటు మారుతుందే తప్ప పోదు. ఆ తర్వాత అక్కడ చేయి తగలనివ్వవద్దు, చేతి నూనె చాలు అతుకు చెడటానికి.

ముందు వైపున ఒక సన్‌మైకా ముక్కకు మైనం రుద్ది, బయటి వంపుకు సరిపోయేలా వంచి క్లాంపులతో బిగించండి. ఇది తాత్కాలిక అచ్చు. మ్యాట్‌ను నాలుగు సైజుల్లో కత్తిరించి తూచండి. మొత్తం 80 గ్రాములు ఉంటే రెసిన్ 180 గ్రాములకు మించి కలపవద్దు. వాలు మీద మొదట రెసిన్ పలచగా పూసి, అన్నింటికన్నా పెద్ద ముక్కను ముందు వేయండి. చిన్నది ముందు వేయాలనేవారు కూడా ఉన్నారు, విమానాల మరమ్మతులో ఆ పద్ధతి ఎక్కువ. కానీ చేత్తో చేసే పనిలో పెద్ద ముక్క వాలు అంతటినీ ఒకేసారి పట్టుకోవడం నాకు నమ్మకంగా అనిపించింది. బ్రష్షుతో రాయకుండా కొసతో పొడుస్తూ తడపండి. తెల్లగా ఉన్న మ్యాట్ పారదర్శకమైతే తడిసినట్టు. ఆ వెంటనే అల్యూమినియం రోలరును మధ్య నుంచి అంచులకు నడిపించి గాలి బుడగలను తోసేయండి. పైన రెసిన్ మెరుస్తూ నిలిచిందంటే ఎక్కువైనట్టే, దాన్ని బ్రష్షుతో తీసేయండి.

ఎపాక్సీ వాడేటప్పుడు మామూలు మ్యాట్ వద్దు. మ్యాట్‌లోని పోగులను అతికి ఉంచే బైండరు స్టైరీన్‌లోనే కరుగుతుంది. ఎపాక్సీలో స్టైరీన్ ఉండదు. నేసిన గాజుగుడ్డ తీసుకోండి. ఎపాక్సీ పని మీద మళ్లీ పాలియెస్టర్ వేస్తే పట్టదని కూడా గుర్తుంచుకోండి. చెన్నై తేమలో ఎపాక్సీ ఆరాక పైన జిడ్డులాంటి పొర వస్తుంది. అది ఎసిటోన్‌తో సరిగా పోదు. మంచినీళ్లు, గరుకు పీచుతో కడగాలి. కడగకుండా పెయింటు వేస్తే పొక్కులు లేస్తాయి.

ఒక రాత్రి ఆరాక సన్‌మైకా తీసి, ముందు వైపు కూడా పలచగా రుద్ది ఒక పొర గుడ్డ వేసి, పాలియెస్టర్ పుట్టీతో (ఎపాక్సీ పని అయితే ఎపాక్సీ పుట్టీతో) నింపండి. 80, 180, 320 నంబరు కాగితాలతో రుద్ది ప్రైమరు కొట్టండి. పుట్టీ 2 మిల్లీమీటర్లు దాటుతోందంటే కింద వంపు తప్పినట్టు. అప్పుడు పుట్టీతో దాచడం మాని, గుడ్డ మరో పొర వేయడమే మేలు.

కొత్త ప్యానెల్

కొత్త అచ్చుకు మైనం ఐదారు సార్లు, ఒక్కో పూతకు మధ్య గంట విరామంతో పట్టించి, మొదటి రెండు ప్యానెళ్లకు దాని మీద పీవీఏ (ప్యానెల్ అచ్చుకు అంటకుండా చేసే పలుచని పొర) పూత కూడా వేయండి. జెల్‌కోటు తడిగా ఉన్నప్పుడు అర మిల్లీమీటరు ఉండాలి, అంటే చదరపు మీటరుకు దాదాపు 600 గ్రాములు. ఇందులో నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ఒక జూలైలో, వాన వెలిసిన సాయంత్రం, షట్టరు తెరిచి ఉంచి జెల్‌కోటును పలచగా పూసి, పూర్తిగా గట్టిపడకముందే మ్యాట్ వేశాను. మర్నాడు అచ్చులోంచి తీస్తే ఉపరితలమంతా మొసలి చర్మంలా ముడతలు పడింది. సగం ఆరిన పలుచటి జెల్‌కోటులోకి రెసిన్‌లోని స్టైరీన్ చొరబడి ఉబ్బించడమే దానికి కారణం. అప్పటి నుంచి వేలితో తాకి, జిగటగా ఉన్నా వేలికి రంగు అంటనప్పుడే మొదటి పొర వేస్తున్నాను.

వెడల్పు పలకలు గజగజ వణకకుండా ఉండటానికి పొరలు పెంచవద్దు. మధ్యలో 5 మిల్లీమీటర్ల పీవీసీ ఫోము పెట్టి, దానికి ఇరుపక్కలా ఒక్కో పొర వేస్తే తక్కువ బరువుతో గట్టిదనం ఎంతో పెరుగుతుంది. బోల్టు వచ్చేచోట మాత్రం ఫోము తీసి గట్టి ముక్క పెట్టాలి, లేకపోతే బిగించినకొద్దీ నొక్కుకుపోతుంది.

పొడి పొరలను ప్లాస్టిక్ బ్యాగుతో మూసి, పంపుతో గాలి లాగేసి, రెసిన్‌ను లోపలికి పీల్పించే వాక్యూమ్ ఇన్ఫ్యూజన్‌కు పెట్టుబడి పెట్టగలిగితే రెసిన్ దాదాపు సగానికి తగ్గుతుంది. వాక్యూమ్‌ను కొలిచే గేజీ విషయంలో ఒక సంగతి చాలామందిని తికమక పెడుతుంది. చెన్నై సముద్రమట్టాన ఉంటుంది కాబట్టి మంచి పంపు పాదరసం లెక్కన 29 అంగుళాల పైచిలుకు చూపిస్తుంది. బెంగళూరు 900 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది, ఇక్కడ గాలి పీడనమే తక్కువ. పంపు ఎంత మంచిదైనా ముల్లు 27 దగ్గర ఆగిపోతుంది. పంపు చెడిందనుకుని దుకాణానికి తిరిగి మోసుకెళ్లకండి. సరైన పరీక్ష లీకు పరీక్ష: పంపు గొట్టాన్ని క్లాంపుతో మూసి, పావుగంటలో ముల్లు ఎంత దిగిందో చూడండి. ఈ పరీక్షలో నెగ్గిన బ్యాగు కరెంటు పోయినా కొంతసేపు నిలబడుతుంది.

బండికి బిగించడం

ఇనుప రేకు స్థానంలో ఫైబర్ పెట్టాక వెనుక లైటు వెలగడం లేదని తిరిగొచ్చే బండ్లు చాలా ఉంటాయి. ఆ రేకే లైటుకు ఎర్త్ దారి. ఫైబర్ కరెంటును మోయదు. ప్రతి లైటుకూ విడిగా ఎర్త్ తీగ లాగండి. అలాగే కంట్రోలరు నుంచి వచ్చే విద్యుత్ రొదను రేకు కొంత అడ్డుకునేది, ఫైబర్ అడ్డుకోదు. కంట్రోలరు లోహపు పెట్టెను తీసేసి దాని మీద ఫైబర్ మూత పెట్టే ఆలోచన చేయవద్దు.

రంధ్రం అంచు నుంచి కనీసం బోల్టు వ్యాసానికి మూడింతల దూరంలో ఉండాలి. వాషరు వెడల్పైనది వేయండి, నట్టును చేయి ఆగేదాకా కాకుండా టార్క్ స్పానరుతో బిగించండి. పెద్ద పలకలను ఉక్కు ఫ్రేముకు పాలీయూరథేన్ జిగురుతో, 2 నుంచి 3 మిల్లీమీటర్ల మందం ఉండేలా అతికితే గతుకుల్లో అది సాగి పలకను కాపాడుతుంది. కార్బన్ పలక అల్యూమినియాన్ని తాకేచోట మధ్యలో ఒక పొర గాజుగుడ్డ తప్పనిసరి. లేకపోతే తడి తగిలినప్పుడల్లా అల్యూమినియం తెల్లగా పొడి రాలుతూ తినుకుపోతుంది.

బండిని ఇచ్చే ముందు మళ్లీ నాణెంతో కొట్టి చూసి, పైపుతో పావుగంట నీళ్లు కొట్టి, అవి బ్యాటరీ వైపు కారడం లేదని చూడండి. ప్యానెల్ వెనుక చెరగని మార్కరుతో తేదీ, ఏ రెసిన్, ఎన్ని పొరలు, పూర్తయ్యాక ఎంత తూగింది అన్నవి రాయండి. రేపు ఆ చోటే మళ్లీ పగిలితే, దాన్ని రుద్దబోయేవాడికి అక్కడ ఎపాక్సీ ఉందో పాలియెస్టర్ ఉందో చెప్పేది ఆ రాతే.